పద్నాలుగు గ్రాముల సీసం

నేను కాటాలు బాగుచేస్తాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. కూరగాయల వాళ్ల త్రాసుల దగ్గర్నుంచి మందుల షాపు వాళ్ల చిన్న తూనికల దాకా, ముల్లు ఎటైనా వెంట్రుకవాసి ఒరిగితే నా బల్ల మీదికి రావాల్సిందే. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి, షాపు తలుపు తీసి, మా నాన్న వాడిన పాత త్రాసుకు దణ్ణం పెట్టుకుని పనికి కూర్చుంటాను. రెండు పళ్లాలూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు ఊగి ఊగి నడిమికి వచ్చి నిలబడుతుంది చూడండి, అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దేవుడంటే అదేనని నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం. ఎటూ ఒరగనివాడు.

ఆ నమ్మకంతోనే మా ఆవిడ టెన్నిస్ రాకెట్టు పాడుచేశాను.

మా ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లూ, డాక్టర్ల కోట్లూ ఇస్త్రీ చేసి మడతపెట్టే గదిలో పదకొండేళ్లుగా ఉంది. ఆ గదికి ఒకటే కిటికీ. ఆవిరి పోవడానికి పెట్టింది కాబట్టి పైకప్పు కిందగా, ఎత్తులో ఉంటుంది. దాంట్లోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. గోడకు అవతల మైదానం, అందులో రెండు టెన్నిస్ కోర్టులు. మా ఆవిడ పదకొండేళ్లలో ఆట ఎన్నడూ చూడలేదు, విన్నది. ఏ బంతి సరిగ్గా తగిలిందో, ఏది రాకెట్టు అంచుకు తగిలిందో చప్పుడును బట్టి చెప్పేది. లాండ్రీలో మిగతా ఇద్దరికీ కూడా ఆ అలవాటు అంటించింది.

ఒకరోజు మైదానం గేటుకు కాగితం అంటించారు. పెద్దవాళ్లకు టెన్నిస్ నేర్పుతారట. ఎన్నడూ రాకెట్టు పట్టనివాళ్లే రావాలి. ఎనిమిది మందికే చోటు. నెల రోజులు పొద్దుటి పూట పాఠం. నెలాఖరున పరీక్ష: వరసగా ఇరవై బంతులు నెట్టు దాటించినవాళ్లు ఏడాది పొడుగునా నేర్చుకోవచ్చు, మిగతావాళ్లు ఇంటికి.

"నా పేరు ఇచ్చొచ్చాను," అంది మా ఆవిడ, నాకు అన్నం వడ్డిస్తూ.

"దేనికి?"

"టెన్నిస్‌కి."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "నీకు నలభై ఏడేళ్లు."

"వాళ్లు వయసు అడగలేదండీ. చెప్పులేసుకుని రావద్దన్నారు, అంతే."

మా అక్క మాతోనే ఉంటుంది. మంచం మీద కూర్చునే ఇల్లంతా ఏలుతుంది. అక్కడి నుంచే అందుకుంది. "ఏం మరదలా, ఈ వయసులో బంతులాటా? ముందు నా మంచం కిందికి దొర్లిన మాత్రల డబ్బా తియ్యి చూద్దాం, నడుం వంగుతుందో లేదో."

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి వెళ్లి, వంగి, డబ్బా తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "ఇంకేమైనా దొర్లాయా వదినా?"

తర్వాత నాతో మెల్లగా అంది. "బళ్లో ఆటలకు జట్లు వేసేటప్పుడు ఎప్పుడూ ఆఖరున మిగిలేదాన్ని. లాండ్రీలో కూడా ఎవరో మానేస్తే ఆ చోట్లో వేశారు. నన్ను ఎవరూ దేనికీ పరీక్ష పెట్టి తీసుకోలేదండీ. ఇదొక్కటి నా అంతట నేను నెగ్గుకు రావాలని ఉంది."

ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి రాకెట్టు కోసం బయల్దేరాం.

మైదానం గేటు పక్కన ఒక కొట్టు ఉంది. రెండు చేతులు చాపితే గోడలు తగిలేంత గది. అందులో డెబ్భై దాటిన ఒకాయన, తీగలు తెగిపోయిన రాకెట్లకు కొత్త తీగలు అల్లుతాడు. అందరూ ఆయన్ని తీగలాయన అంటారు. కొత్తవీ, వాడినవీ రాకెట్లు పైకప్పు నుంచి వేలాడుతున్నాయి. నేను చెయ్యి చాచి అన్నిట్లోకీ బరువైనది దించాను. బరువుంటే సరుకు నిజమైనదని మా వృత్తిలో లెక్క.

"ఇది గట్టిగా ఉంది, ఇది ఇవ్వండి," అన్నాను.

ఆయన నన్ను ఎరిగినవాడే. కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "కాటాల మేస్త్రీ, ఆడేది మీరా, ఆవిడా?"

"ఆవిడే."

"అయితే మీరు ఆ స్టూలు మీద కూర్చోండి."

కూర్చున్నాను. ఆయన రాకెట్ల వైపు చూడనే లేదు. మా ఆవిడ చేతిని చూశాడు. ఒక రాకెట్టు ఇచ్చి పిడి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాక, వేళ్ల చివర్లకూ అరచేతి మొదటికీ మధ్య ఉన్న సందులో ఎడమచేతి చూపుడువేలు పెట్టమన్నాడు. వేలు దూరలేదు. "పిడి సన్నం," అని ఇంకోటి ఇచ్చాడు. ఈసారి వేలు పెట్టినా ఇంకా ఖాళీ మిగిలింది. "ఇది లావు. రోజంతా పిసికి పట్టుకోవాల్సొస్తుంది." మూడోదానికి వేలు సరిగ్గా అమరింది. నాలుగు రకాల తూకపు రాళ్లు పెట్టి చూసినా నేను అంత కచ్చితంగా కొలవలేను. ఆవిడ వేలితో ఆవిడ చేతినే కొలిచాడు.

"ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యిలా ఉంది," అన్నాడు.

మా ఆవిడ ఆశ్చర్యంగా నా వైపు చూసింది. నేను చెప్పలేదని తల ఊపాను.

"తడి బట్ట పిండినట్టు పట్టుకోకండమ్మా. నిద్రపోయే పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోండి. అదీ. ఇక ఇది తేలిక రాకెట్టు, రెండువందల డెబ్భై గ్రాములు. మొహం వెడల్పు, బంతి కాస్త అటూ ఇటూ తగిలినా క్షమిస్తుంది. తీగలు మరీ బిగించను. కొత్త చేతికి బిగువు తీగలు పెడితే మోచెయ్యి పట్టేస్తుంది. కొంచెం వదులుంటే బంతిని అవే విసురుతాయి."

తర్వాత ఆవిడ కాళ్లకున్న నడక బూట్లు చూసి పెదవి విరిచాడు. "ఇవి ముందుకు పోవడానికి. ఈ ఆటలో పక్కలకు పరిగెత్తాలి. మడమ పక్కన గట్టిగా, అడుగున చదునుగా ఉండాలి. లేకపోతే చీలమండ మడత పడుతుంది." బంతులు కూడా ఆయనే ఏరాడు. పచ్చ చుక్క ఉన్న మెత్తటివి, నెమ్మదిగా లేస్తాయట, కొత్తవాళ్లకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తాయట. చిన్న పిల్లకు బియ్యపు గింజంత మందు తూచినట్టు ఒక్కొక్కటీ చూసి ఇస్తుంటే నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను.

మా ఆవిడ రాకెట్టును చెవి దగ్గర పెట్టుకుని తీగలు మీటింది. "బాబాయిగారూ, దీనికి ఆ చప్పుడు వస్తుందా?"

"ఏ చప్పుడు?"

ఆవిడ నాలుకతో చేసి చూపించింది. గుండ్రంగా, లోతుగా, బావిలో రాయి పడ్డట్టు.

ఆయన చేతిలో పని ఆపేశాడు. "అది మీరు ఎక్కడ విన్నారు?"

"గోడవతల నుంచి. లాండ్రీలో."

"అది రాకెట్టుకు రాదమ్మా. రాకెట్టుకూ మీకూ మధ్యన వస్తుంది. వెతుక్కోవాలి."

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. నేర్పేది బడిలో డ్రిల్లు టీచరుగా చేసి మానేసిన ఆవిడ, ఎనిమిది మందీ కోచమ్మ అనేవాళ్లు. మా ఆవిడ పొద్దున్నే వెళ్లి, గంట ఆడి, అటే లాండ్రీకి పోయేది. సాయంత్రం మా వెనక గోడకు బంతి కొడుతూ ఉండేది. మా అక్క కిటికీలోంచి లెక్కపెట్టేది. మొదటివారం మూడు, అయిదు. తర్వాత తొమ్మిది. పద్నాలుగో రోజుకు పన్నెండు.

"పన్నెండా? నేను పదకొండే విన్నాను," అనేది మా అక్క.

"చెవులు సరిచేయించుకోండి వదినా, మీ తమ్ముడున్నాడుగా," అనేది మా ఆవిడ. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఇంట్లో అంత నవ్వు నేను చాలా కాలానికి విన్నాను.

రాకెట్టు ఇంటికొచ్చిన పదిహేనో రోజు, ఆదివారం. ఆవిడ బజారుకు వెళ్లింది. రాకెట్టు బల్ల మీద ఉంది. చేతులు ఊరుకోక దాన్ని తీసి, త్రాసు దండను పరీక్షించే కత్తి అంచు మీద సరిగ్గా సగం దగ్గర పెట్టాను. అది తలవైపుకు పడిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. కొలిచాను. పిడి చివర నుంచి సగం అంటే ముప్పై నాలుగుంపావు సెంటీమీటర్లు. అది నిలబడేది ముప్పై ఆరు దగ్గర.

ఒరిగిన వస్తువుతో ఆడుతోందా నా భార్య? అందుకేనా పన్నెండు దగ్గర ఆగిపోతోంది?

తూకపు రాయి అరిగి బరువు తగ్గితే, అడుగున చిల్లులో సీసం నింపి సరిచేస్తాం. నాకు తెలిసిన పని అదే. పిడి అడుగు మూత జాగ్రత్తగా ఊడదీసి, లోపల బోలుగా ఉన్న చోట సీసం ముక్క పెట్టి, కదలకుండా జిగురు వేశాను. పద్నాలుగు గ్రాములు పట్టింది. మూత వేసి కత్తి అంచు మీద పెడితే, రాకెట్టు గాలిలో ఆగిపోయినట్టు నిలబడింది. ఒళ్లు జలదరించింది. చేతులు జోడించాను.

ఆవిడకు చెప్పలేదు. చెయ్యి బాగా ఆడితే, అది తన చెయ్యే అనుకోవాలని నా ఆశ.

మర్నాడు ఆరు. ఆ మర్నాడు నాలుగు. తర్వాత మళ్లీ ఆరు, ఒకరోజు రెండే. "కొత్తగా అలవాటు పడాలి కదా," అని నాలో నేను అనుకున్నాను. ఆవిడ రాకెట్టును ఒక్క మాట అనలేదు. తన చేతినే అనుకునేది. "నా చెయ్యి ఎక్కడుందో తెలుస్తోందండీ. రాకెట్టు మొహం ఎక్కడుందో తెలియడం లేదు. మొన్నటిదాకా తెలిసేది." అంత స్పష్టంగా చెప్పినా నా బుర్రకు ఎక్కలేదు. సమంగా ఉన్నది తప్పెలా అవుతుంది?

ఇరవై నాలుగో రోజు ఇంటికి వచ్చేసరికి ఆవిడ బూట్లు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అలమర పై అరలో పెట్టి ఉన్నాయి.

"ఎందుకు పైన పెట్టావు?"

"ఇక అక్కర్లేదేమోనని."

మంచం మీద మా అక్క ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అనలేదు. మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ ఉంది. అప్పుడు నాకు భయం వేసింది.

తీగలు చూపించుకొస్తానని చెప్పి రాకెట్టు పట్టుకుని తీగలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వేరే రాకెట్టుకు తీగ బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే చెయ్యి చాచి నా దగ్గర్నుంచి అందుకున్నాడు. అందుకుని ఆగాడు.

"దీని లోపలికి ఎవరు వెళ్లారు?" అన్నాడు.

నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

ఆయన మణికట్టు రెండుసార్లు ఆడించాడు. "పది దాటింది. పదిహేను లేదు."

"పద్నాలుగు," అన్నాను. ముప్పై ఏళ్లుగా తూకాలు చూస్తున్నాను. ఆ తేడా నాకు తెలియాలంటే త్రాసు కావాలి. ఆయన మరో పని చేసుకుంటూ చేత్తో చెప్పాడు. స్టూలు మీద కూలబడి జరిగిందంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మేస్త్రీ, మీ త్రాసు కొక్కేనికి వేలాడుతుంది. దాన్ని ఎవరూ పట్టుకోరు, అందుకని దానికి నడిమి కావాలి. దీన్ని ఒక మనిషి ఒక చివర పట్టుకుంటుంది, బంతి వచ్చి రెండో చివర తగులుతుంది. దీనికి నడిమి ఎక్కడని చెప్తారు?"

"అంటే, చేసినవాళ్లే కావాలని ఒరిగించారా?"

"కావాలనే. రాకెట్టు తేలికది కాబట్టి ఉన్న బరువును తలవైపుకు తోశారు, బంతి తగిలితే వెనక్కి తగ్గకుండా. బరువు రాకెట్లు పట్టే గట్టి ఆటగాళ్లకు పిడివైపు ఒరిగినవి చేస్తారు. సమంగా ఉన్నవీ ఉన్నాయి, తప్పేం కాదు. కానీ ఆవిడ చెయ్యి పద్నాలుగు రోజులు దీని మాట విని, ఇప్పుడిప్పుడే తిరిగి జవాబు చెప్తోంది. మీరు మధ్యలో మాట మార్చేశారు."

"తీసెయ్యండి మరి."

"నేను తియ్యను. మీరు పెట్టారు, మీరే తియ్యండి. ఆవిడ ముందు."

ఇంటికి వెళ్లే దారి అంత పొడుగని నాకు ముందు తెలియదు. మా ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. నిలబడే చెప్పేశాను, సీసం, కత్తి అంచు, పద్నాలుగు గ్రాములు, అన్నీ. ఆవిడ చేతిలో ఉన్న తువ్వాలు పూర్తిగా మడిచి పక్కన పెట్టింది.

"ఎన్ని రోజులైంది?"

"తొమ్మిది."

"తొమ్మిది రోజులు నా చేతిని తిట్టుకున్నాను," అంది. అంతే. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

మా అక్క ఊరుకోలేదు. "ఒరేయ్, నీ పెళ్లాం ఏమైనా కూరగాయల త్రాసట్రా సరిచెయ్యడానికి?"

నేను పనిముట్ల పెట్టె తెచ్చి మూత ఊడదీయబోయాను. మా ఆవిడ ఆపింది.

"అంతా ఒక్కసారి తియ్యకండి."

"ఎందుకని?"

"అది లేనప్పుడు కూడా పన్నెండు దగ్గర ఆగిపోయేదాన్ని. ఆఖర్లో చెయ్యి అలిసి, రాకెట్టు తల ముందుకు లాక్కుపోయేది. ఇప్పుడేమో అసలు తల ఉన్నట్టే లేదు. కొంచెం కొంచెం తియ్యండి. ఎక్కడ ఆగాలో నేను చెప్తాను."

ఆవిడ బూట్లు దింపి వేసుకుంది. వెనక గోడ దగ్గరికి వెళ్లాం. ఇంకా ఎండ ఉంది. నేను సీసాన్ని గ్రాము గ్రాము ముక్కలుగా కోసి, ఒక ముక్క తీసేసి, మిగతావి లోపల దూదితో బిగించి ఇచ్చాను. పది బంతులు కొట్టింది. తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి తీశాను. మళ్లీ పది. పదమూడు, పన్నెండు, పదకొండు. కిటికీలో మా అక్క గట్టిగా లెక్కపెడుతోంది. ఎనిమిది దగ్గర మా ఆవిడ మొహం కొంచెం మారింది. ఏడు. ఆరు. అయిదు గ్రాములు మిగిలినప్పుడు కొట్టిన రెండో బంతికి ఆ చప్పుడు వచ్చింది. గుండ్రంగా, లోతుగా. తీగలాయన దగ్గర నాలుకతో చేసి చూపించిందే. మా అక్క లెక్క ఆపేసింది.

"ఆగండి," అంది మా ఆవిడ. "ఇదే."

"ఇంకొకటి తీసి చూద్దామా?"

"వద్దు."

నా వృత్తిబుద్ధి ఎక్కడికి పోతుంది? సరే అని, మూత బిగిస్తున్నట్టు అటు తిరిగి, ఇంకో గ్రాము తీసి జేబులో వేసుకుని ఇచ్చాను. ఆవిడ రెండు బంతులు కొట్టి నా వైపు తిరిగింది.

"ఎందుకు తీశారు?"

నేను జేబులోంచి ముక్క తీసి తిరిగి పెట్టాను. ఒక్క గ్రాము. రెండు చింతగింజల బరువు కూడా ఉండదేమో. ఇరవై నాలుగు రోజుల కిందట రాకెట్టు ఎటు పట్టుకోవాలో తెలియని చెయ్యి అది.

తర్వాత నాకోసమని దాన్ని మళ్లీ కత్తి అంచు మీద పెట్టి చూశాను. ముప్పై అయిదు దాటి మూడు నాలుగు గీతల అవతల నిలబడింది. నడిమి కాదది, కంపెనీ వాళ్లు పెట్టిన చోటూ కాదు. ఏ కొలబద్ద మీదా దానికి పేరు లేదు. ఆ చోటు ఆవిడది.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. నువ్వు ఎటూ ఒరగవని ఇన్నాళ్లూ నీకు దణ్ణం పెట్టాను స్వామీ, అన్నాను. కొక్కేనికి వేలాడదీసి చూసేవాడివి కావేమో నువ్వు. చేత్తో పట్టుకునేవాడివేమో. అలా అయితే ఒక్కొక్కరికీ ఒక్కో చోటు చూసి పట్టుకుంటావా? నన్ను ఎక్కడ పట్టుకున్నావు? జవాబేమీ రాలేదు. నేను అడగడం మానలేదు.

పరీక్ష రోజు షాపు తెరవకుండా మైదానానికి వెళ్లాను. కోచమ్మ అందరికీ రెండేసి అవకాశాలన్నారు. తనే అవతల నిలబడి బంతులు తిప్పి కొడతారు, ఇవతలివాళ్లవి పైకి లెక్కపెడతారు. అప్పటికి నలుగురు ఆడితే ఇద్దరు నెగ్గారు. మా ఆవిడ వంతు అయిదోది.

మొదటిసారి పద్నాలుగు దగ్గర బంతి నెట్టులో పడింది. పద్నాలుగు. నేను తల దించుకున్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. చెయ్యి దులుపుకుని, పిడి మళ్లీ పట్టుకుంది. మెత్తగా. రెండోసారి మొదలైంది. అయిదు, ఆరు. బంతి ఎడమకు పోతే పక్కకు రెండడుగులు జారి అందుకుంది. పదకొండు, పన్నెండు. పదహారోది నెట్టు పై పట్టీకి తగిలి, ఒక్క క్షణం ఎటు పడాలో తేల్చుకోనట్టు ఆగి, అవతలికి పడింది. పద్దెనిమిది. నాకు కోచమ్మ గొంతు వినబడటం మానేసింది. ఆ చప్పుడొక్కటే వినబడుతోంది. ఒకదాని వెనక ఒకటి, బావిలో రాళ్లు పడుతున్నట్టు. పదకొండేళ్లు ఆవిడ గోడవతల నిలబడి విన్నది ఇదా, అనిపించింది. ఇప్పుడు నేను వింటున్నవన్నీ ఆవిడ చేతిలోంచి వస్తున్నాయి.

కోచమ్మ చెయ్యెత్తి "ఇరవై" అన్నారు. అయినా ఇద్దరూ ఆపలేదు. బంతి ఇంకా బతికి ఉంది, ఎలా ఆపుతారు? కాసేపటికి ఒకటి రాకెట్టు అంచుకు తగిలి పక్కకు పోయింది. కోచమ్మ నవ్వి పుస్తకంలో ఆవిడ పేరు రాసుకున్నారు.

మా ఆవిడకు డ్యూటీ టైమైంది. బూట్ల నిండా కోర్టు దుమ్ముతోనే లాండ్రీకి నడిచాం. సంచి నేను మోశాను. ఇస్త్రీ గదిలో ఆవిరి కమ్ముకుని ఉంది. అక్కడ పనిచేసే ఇద్దరిలో పెద్దావిడ, దుప్పటి మడత ఆపకుండానే అడిగింది.

"ఇరవై మూడు కదా?"

"ఇరవయ్యేనమ్మా," అన్నాను నేను. "కోచమ్మ గారు లెక్కపెట్టారు."

"ఆవిడ ఇరవై దగ్గర ఆపేసి ఉంటారు. మేం ఆపలేదు. నీ దెబ్బ వేరుగా తెలుస్తుందే పిల్లా. ఇరవై మూడు, ఆ తర్వాతది అంచుకు తగిలింది."

"అవునక్కా," అంది మా ఆవిడ. "కొంచెం తొందరపడ్డాను."

గోడకున్న ఏప్రాన్ తీసి కట్టుకుంది. నేను ఎత్తులో ఉన్న ఆ కిటికీ వైపు చూశాను. ఆకాశం తప్ప ఏమీ లేదు. అవతల ఆరో మనిషి ఆట మొదలైనట్టుంది. మా ఆవిడ ఇస్త్రీ పెట్టె అందుకుంది, నిద్రపోయే పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు, ఒక్క క్షణం తల పక్కకు వంచి వింది.

"కొంచెం ముందుగా కొడుతున్నాడు," అంది.